ఎదురుకోలు గుర్రం

మా బంధువుల్లో ఎవరింట పెళ్ళయినా, భోజనాలు ముగిసి వక్కపొడి చేతులు మారే వేళకి ఎవరో ఒకరు నా వైపు తిరిగి, "ఏమయ్యా, నీ గుర్రం సంగతి చెప్పవూ" అంటారు. నేను చెప్పను. నేను చెప్పనంత మాత్రాన అది ఆగదు, వాళ్ళే అందుకుని చెప్పేసుకుంటారు. వరసకి బావమరిది ఒకడున్నాడు, వాడైతే కండువాని కళ్ళెంలా పట్టుకుని కుర్చీలో కూర్చునే గంతులు వేసి చూపిస్తాడు. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వుతారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలుస్తుంది. వాళ్ళు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. కానీ అందులో గుర్రమే ఉంటుంది, నేనుండను. అందుకే ఇన్నేళ్ళకి దాన్ని నా మాటల్లో ఒకసారి చెప్పాలనిపించింది.

మా మేనమామది మండపేటకి ఇవతల, కాలవ గట్టునున్న పల్లెటూరు. ఆ ఊరికి ఆయన పంచాయతీ ప్రెసిడెంటు. ఆయనకి ఒక్కతే కూతురు. ఆ పిల్లని ఉయ్యాల్లో వేసిన రోజునే మా అమ్మ ఉయ్యాల మీదకి వంగి, "నా కోడలొచ్చింది" అందట. ఆ మాట ఆ రోజుతో పోలేదు. నేను సెలవులకి వెళితే ఊళ్ళో అందరూ నన్ను 'ప్రెసిడెంటు గారల్లుడు' అనేవారు. మా అత్తయ్య గారెలు వడ్డిస్తూ, "మా అల్లుడికి ఇంకో రెండు" అనేది. నాకు మీసాలొచ్చినా, ఆ పిల్ల ఓణీ వేసినా ఎవరూ ఆ మాట మానలేదు. అలా ఇరవయ్యేళ్ళ పాటు నన్ను నమ్మించారు. నమ్మడం నా తప్పు కాదని ఇప్పటికీ గట్టిగానే అంటాను.

డిగ్రీ అయ్యాక నాకు తునిలో, తాలూకా ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. టెంపరరీ. అమ్మా నాన్నా కూడా నా దగ్గరికే వచ్చేశారు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా మావయ్య, "ముందు ఉద్యోగం పర్మనెంటు కానీ, అప్పుడు చూద్దాం" అనేవాడు. అందులో నాకు అన్యాయం కనిపించలేదు. పిల్లనిచ్చే వాడు ఆ మాత్రం అడగడా అనుకున్నాను. ఆ పిల్ల కూడా ఒకసారి పెరట్లో నూతి దగ్గర నిలబడి, "పర్మనెంటైతే ఉత్తరం రాయకు బావా, నువ్వే వచ్చి చెప్పు. అప్పుడు మా నాన్న మొహం ఎలా ఉంటుందో ఇద్దరం కలిసి చూద్దాం" అంది. ఆఫీసులో ఫైళ్ళు కట్టలు కడుతున్నప్పుడల్లా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

ఆ శ్రావణంలో అమ్మ సంచి సర్దుకుంది. కోరుకొండ వెళుతున్నానంది. నా ఉద్యోగం కోసం నరసింహస్వామికి మొక్కుకుందట, మావయ్య కుటుంబంతో కలిసి కొండెక్కి మొక్కు తీర్చుకుని, నాలుగు రోజులు పుట్టింట్లో ఉండి వస్తుందట. నేనే బస్సెక్కించాను. కిటికీ పక్క సీటు ఇప్పించి, దారిలో తినమని అరటిపళ్ళు కూడా కొనిచ్చాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "వేళకి తినరా" అంది.

అమ్మ వెళ్ళిన వారం తిరక్కుండానే ఆఫీసులో ఆర్డరొచ్చింది. నేను పర్మనెంటు. స్వామి ఇంత తొందరగా పలుకుతాడని నాకు తెలియదు. ఇంటికి పరుగెత్తుకెళ్ళి నాన్నతో చెప్పాను. ఆయన సంతోషించాడు. మర్నాడే మావయ్య ఊరు వెళ్ళి చెబుతానన్నాను. ఆ సంతోషం ఆయన మొహంలో అక్కడే ఆగిపోయింది.

"ఇప్పుడే వెళ్ళాలా?" అన్నాడు.

"శుభవార్త కదా నాన్నా."

"వాళ్ళు కోరుకొండ నించి ఇంకా రాలేదేమో."

"వస్తారుగా. ఉంటాను."

"పై వారం వెళ్ళరాదూ" అని, నేను జవాబు చెప్పేలోగా పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మా నాన్నకి అబద్ధం చెప్పడం రాదు, నిజం చెప్పే ధైర్యమూ లేదు. మోకాళ్ళ నొప్పులని అమ్మతో వెళ్ళకుండా ఇంట్లో ఉండిపోయాడు. ఆ మోకాళ్ళు అంత నొప్పిగా ఏమీ లేవనీ, నన్ను కాపలా కాయడానికే ఆయన్ని వదిలి వెళ్ళారనీ తర్వాత తెలిసింది. కాపలాకి తగిన మనిషిని పెట్టుకోలేకపోయారు, అంతే.

మండపేట బస్సు కండక్టరు మా వీధిలోనే ఉండేవాడు. నేను వస్తున్నానని ఆయన చేత ఆ సాయంత్రమే మావయ్యకి కబురు పంపాను. ఆ ఊళ్ళోకి బస్సు వెళ్ళదు. రోడ్డు మీద మలుపు దగ్గర దిగి కాలవ గట్టు పట్టుకుని నడవాలి. మలుపులో ఒక సోడా కొట్టుంది, ఊరి కబుర్లన్నీ ఆ కొట్టు మీదుగానే అటూ ఇటూ చేరతాయి.

మర్నాడు సాయంత్రం మలుపులో దిగేసరికి సోడా కొట్టు మూసి ఉంది. దాని ముందు ఒక తెల్లగుర్రం నిలబడి ఉంది. వీపు మీద ఎర్ర వెల్వెట్ గుడ్డ, దాని అంచుకి అద్దాలు, మెడలో గంటలు. పక్కన తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన బీడీ కాలుస్తున్నాడు. నన్ను చూడగానే బీడీ పారేసి లేచాడు.

"బాబూ, కాలవ మీదూరికేనాండి?"

"అవును."

"ప్రెసిడెంటు గారింటికాండి?"

"ఆయనింటికే."

"అయితే ఎక్కండి. మీకోసమే పంపించారు. ఎండలో నిలబడి నిలబడి నేనూ, ఇదీ ఆవిరైపోతన్నాం."

మావయ్య నాకోసం గుర్రాన్ని పంపించాడు. నేను పర్మనెంటైన సంగతి కండక్టరు చెప్పేసి ఉంటాడు, ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వానలకి గట్టంతా బురదైపోయింది కాబట్టి అల్లుడు నడిచి రాకూడదని మావయ్య ఈ ఏర్పాటు చేసి ఉంటాడు. ఇలా నాకు నేనే అన్నీ చెప్పుకున్నాను. సంచి పెద్దాయన అందుకున్నాడు, నేను సోడా కొట్టు బల్ల మీద నిలబడి గుర్రమెక్కాను. అంతకు ముందెప్పుడూ గుర్రమెక్కలేదు.

కాస్త దూరం ఆయన కళ్ళెం పట్టుకుని నడిచాడు. తనది రాజమండ్రి అనీ, ఒకప్పుడు స్టేషను దగ్గర జట్కా తోలేవాడిననీ, రిక్షాలొచ్చాక జట్కా ఎక్కేవాడు లేక గుర్రాన్ని ఊరేగింపులకి తిప్పుతున్నాననీ చెప్పాడు. నేను అటోసారి ఇటోసారి జారుతూ ఉంటే చూసి చూసి, "ఇలాగైతే మిమ్మల్ని కాలవలో అప్పజెప్పాల్సొస్తది" అంటూ నా వెనక్కి ఎక్కి కూర్చుని, రెండు పక్కల నించీ చేతులు చాచి కళ్ళెం పట్టుకున్నాడు. చిన్నపిల్లాణ్ణి సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకున్నట్టు నన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"కంగారేం లేదండి. ముహూర్తం రాత్రికే కదా" అన్నాడు.

"ఎవరి ముహూర్తం?"

ఆయన నా వీపు వెనక పకపకా నవ్వాడు. "భలేవోరండి. దీని మీద ఎక్కినోళ్ళందరూ ఇంతే. ఎక్కగానే మతి పోద్ది. ఒకాయనైతే మామగారి పేరే మర్చిపోయాడు."

"పెళ్ళి ఎవరింట్లో?"

"ప్రెసిడెంటు గారింట్లోనండి. ఆయనకి ఒక్కతే కదండీ కూతురు?"

నాకు కాసేపు ఏమీ వినపడలేదు. గుర్రం గంటలు కూడా వినపడలేదు.

ఇంత మాటకి ఎవరైనా దిగిపోతారని మీరనుకోవచ్చు. మా మావయ్య సంగతి తెలిస్తే అలా అనుకోరు. నా చిన్నప్పుడు ఆయన తన తమ్ముణ్ణి, అంటే మా చిన్నమావయ్యని, "కోతలకి మనుషులు చాలడం లేదు, వెంటనే రా" అని రాజమండ్రి నించి పిలిపించాడు. చిన్నమావయ్య కొడవలి పట్టడానికని పాత పంచె కట్టుకుని వచ్చాడు. వచ్చేసరికి ఇంటి ముందు పందిరి. స్నానం చేయించి, నుదుటికి బాసికం కట్టి, పీటల మీద కూర్చోబెట్టారు. పిల్ల మొహం తెర తీశాకే చూశాడు. పెళ్ళికొడుక్కి ముందుగా చెబితే లేనిపోని ఆలోచనలు చేస్తాడని మావయ్య సిద్ధాంతం. ఆ సంగతి మా ఇళ్ళల్లో గొప్పగా చెప్పుకునేవారు. చిన్నమావయ్య కూడా చెప్పుకుని నవ్వేవాడు. కాబట్టి ఈసారి వంతు నాదన్నమాట, అనుకున్నాను.

అనుకున్న మరుక్షణం అన్నీ అందులో ఒదిగిపోయాయి. అమ్మ ముందే వెళ్ళడం, కోరుకొండ మొక్కు, నాన్న పేపరు వెనక దాక్కోవడం. వీళ్ళంతా కలిసి నాతో నాటకమాడుతున్నారు. మా అమ్మ ఇంత గడుసుదా అని ముచ్చటేసింది. నాటకమన్నంతవరకూ నేను పొరపడలేదు.

"మేనరికమాండి?" అన్నాడు పెద్దాయన.

"అవును. చిన్నప్పట్నించీ అనుకున్నదే."

"అదే మంచిదండి. తెలిసిన పిల్ల. మరి మీవోళ్ళేరండి? పెళ్ళికొడుకు ఒక్కడే సంచట్టుకుని రావడం ఇదే చూడ్డం."

"అమ్మ ముందే వచ్చేసింది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు."

"బాగుందండి" అన్నాడు, బాగోలేదన్నట్టు.

గట్టు పక్క చేలల్లో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూశారు. "పెళ్ళికొడకా, ఎనకాల కూకున్నది నీ బాబా?" అని ఒకామె కేకేసింది. అందరూ నవ్వారు. ఇంకొకామె పెద్దది, చేతులెత్తి, "పిల్లా పాపలతో సల్లగా ఉండు నాయనా" అంది. నేను చెయ్యెత్తి ఊపాను. ఆ ఊపడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ దీవెన నాది కాదని ఆవిడకి తెలియదు, నాకూ తెలియదు.

ఇంకాస్త ముందుకి వెళ్ళాక ఎదురుగా ఒకడు సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. మావయ్య పాలేరు. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. గుర్రం మీద నన్ను చూసి బ్రేకు వెయ్యడం మర్చిపోయి సైకిలుతో సహా గడ్డిలో పడ్డాడు. లేచి, బట్టలు కూడా దులుపుకోకుండా, అప్పజెప్పిన పాఠంలాగా అన్నాడు.

"బాబుగారూ, ఇంటికాడ ఎవరూ లేరండి. అందరూ కోరుకొండెల్లారండి. అమ్మగారు కూడా ఎల్లారండి. తమర్ని తునికి ఎల్లిపొమ్మన్నారండి."

నా వెనక పెద్దాయన ఆగలేకపోయాడు. "పెళ్ళిల్లొదిలేసి కోరుకొండేంటయ్యా? వంటోళ్ళు బూరెలొండుతుంటే చూసొచ్చాను."

పాలేరు నన్నూ గుర్రాన్నీ మార్చి మార్చి చూశాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను పడీ పడీ నవ్వాను. "తెలిసిపోయిందిలేరా, అంతా తెలిసిపోయింది. వెళ్ళి మావయ్యతో చెప్పు, నేను చిన్నమావయ్యని కానని" అన్నాను. వాడు సైకిలెక్కకుండా దాన్ని నడిపించుకుంటూ మా వెనకాలే వచ్చాడు. ఆ రోజు నా మీద జాలి పడ్డ మొదటి మనిషి వాడు, నేను వాణ్ణి చూసి నవ్వాను.

ఊరి పొలిమేర కనిపించే చోట పెద్దాయన దిగిపోయాడు. పెళ్ళికొడుకు వెనక తను కూర్చుంటే బాగోదన్నాడు. నేనూ దిగి కాలవ నీళ్ళతో జుట్టు దువ్వుకున్నాను. ఆయన జీను సంచిలోంచి కనకాంబరాల దండ తీసి నా మెడలో వేశాడు, పెళ్ళివారు ముందే ఇచ్చి ఉంచారట. గుర్రానికి తురాయి కట్టాడు. కట్టి, నన్ను మళ్ళీ ఎక్కించి, నా మోకాలు తట్టి, "ఇంకో మాటండి. ఇది డ్యాన్సు గుర్రం. మేళం మోగితే ఆడద్ది, ఆగితే ఆగద్ది. బెదిరిపోకండి. మెడ మీద జుట్టు పట్టుకోండి చాలు" అన్నాడు.

ఆ నాలుగు అడుగుల్లో నేను ఎదురుకోలంతా ఊహించేసుకున్నాను. మా ఇళ్ళల్లో దానికొక ఆనవాయితీ ఉంది. పెళ్ళికొడుకు పొలిమేరకి రాగానే ఆడపెళ్ళివారు మేళంతో ఎదురెళ్ళి, హారతి పట్టి, పానకమిచ్చి ఊళ్ళోకి తీసుకొస్తారు. హారతి పళ్ళెం పెళ్ళికూతురి తల్లి పట్టుకోదు, మేనత్త పట్టుకుంటుంది. మేనరికమైతే మాత్రం ఆ మేనత్తే పెళ్ళికొడుకు తల్లి కాబట్టి, ఆవిడ పళ్ళెం ముట్టుకోకుండా కొడుకు పక్కకి వచ్చి నిలబడాలి. అంటే అమ్మ నా పక్కకి వస్తుంది, పళ్ళెం చిన్నమావయ్య భార్య, మా చిన్నత్తయ్య చేతికి వెళుతుంది. చిన్నత్తయ్యకి చెయ్యి వణుకుతుంది, కర్పూరం ఆరిపోకుండా చూసుకోమని చెప్పాలి అనుకున్నాను. నా బుర్రలో అంత పని జరిగిపోయింది.

పొలిమేర మలుపు తిరిగేసరికి పెట్రోమాక్సు లైట్లు వెలిగించి ఉన్నాయి. ఇంకా పూర్తిగా పొద్దు గూకలేదు. బ్యాండు వాళ్ళు మమ్మల్ని చూడగానే ఆ ఏడాది ఊరూరా మోగిన సినిమా పాట అందుకున్నారు. గుర్రం ముందుకాళ్ళెత్తి ఆడడం మొదలెట్టింది. నేను మెడ జుట్టు రెండు చేతులా పట్టుకున్నాను. జనం దారిచ్చారు. ఆడవాళ్ళు ముందుకొచ్చారు, వాళ్ళకి ముందు అమ్మ వచ్చింది.

ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని ఉంది. తల నిండా పూలు. మొహం నిండా నవ్వు. మా అమ్మ అంత అందంగా నవ్వడం నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను. ఆవిడ చేతుల్లో హారతి పళ్ళెం ఉంది.

పళ్ళెం అమ్మ చేతుల్లో ఉంది. నాకు ఇంకెవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. కొడుకు పెళ్ళిలో తల్లి ఆ పళ్ళెం పట్టుకోదు.

అమ్మ కర్పూరం వెలుగు మీంచి తలెత్తి పెళ్ళికొడుకు మొహం చూసింది. నా మొహం కనిపించింది. ఆవిడ నవ్వు పోయింది.

"నువ్వెందుకొచ్చావురా?" అంది.

"నాకు పర్మనెంటైందే అమ్మా" అన్నాను నేను, పైకీ కిందకీ ఎగురుతూ.

మావయ్య జనాన్ని తోసుకుని వచ్చాడు. "దిగరా ముందు" అన్నాడు పళ్ళు బిగించి. దిగుదామంటే గుర్రం ఆగదు. గుర్రం ఆగాలంటే బ్యాండు ఆగాలి. మావయ్య బ్యాండు వాళ్ళ వైపు తిరిగి చేతులు ఊపాడు. ప్రెసిడెంటుగారే హుషారుగా చేతులు ఊపుతున్నారు కదా అని వాళ్ళు ఇంకా జోరు పెంచారు. గుర్రం గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. అమ్మ మొహం, మావయ్య మొహం, పాలేరు మొహం, మళ్ళీ అమ్మ మొహం. మా బావమరిది కుర్చీలో కూర్చుని చూపించేది ఇదే. వాడు బాగానే చూపిస్తాడు.

ఆఖరికి పాలేరే వెళ్ళి డోలు వాయించేవాడి చేతులు పట్టుకున్నాడు. గుర్రం ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో వెనక నించి ట్రాక్టరు చప్పుడు వినపడింది. కారు గట్టు మీదకి రాలేక మలుపులో ఆగిపోతే, గుర్రం కోసం చూసి చూసి, దారిన పోయే ట్రాక్టరు ఆపి దాని తొట్టిలో తనవాళ్ళతో పాటు నిలబడి వచ్చాడు అసలు పెళ్ళికొడుకు. విశాఖపట్నంలో ఇంజనీరట. కోటు మీద ఊక అంటుకుని ఉంది. మంచివాడిలాగే ఉన్నాడు. నన్నూ నా మెడలో దండనీ చూసి మర్యాదగా, "ఏంటండీ ఇది?" అన్నాడు.

మావయ్యకి ఒక్క క్షణం కూడా పట్టలేదు. "మా మేనల్లుడండి. గుర్రం చూసి సరదా పడ్డాడు" అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. ఆవిడ ఒక్క మాట అంటే చాలనిపించింది. ఏ మాటైనా సరే.

"చిన్నప్పట్నించీ వాడికి గుర్రాలంటే సరదా అండి" అంది అమ్మ.

జనం అంతా ఒక్కసారి నవ్వారు. మగపెళ్ళివారూ నవ్వారు. ఇప్పుడు అందరూ చెప్పుకునే కథ అక్కడే, ఆ రెండు మాటలతో పుట్టింది. నేను దిగాను, దండ తీసి గుర్రం మెడలో వేశాను. పెద్దాయన నా సంచి నా చేతికిస్తూ, నేనేదో ఆయన్ని మోసం చేసినట్టు, "పెళ్ళికొడుకుని కానని ఒక్క మాటన్నా అనలేదేంటండి మీరు" అన్నాడు. అమ్మ కొత్త కర్పూరం వెలిగించింది. గుర్రం మీదకి ఎక్కిన ఆ ఇంజనీరుకి పళ్ళెం తిప్పి హారతిచ్చింది. నవ్వు మళ్ళీ తెచ్చుకుంది. తెచ్చుకోవడం నాకు కనిపించింది.

గడ్డివాము వెనక అమ్మ నన్ను పట్టుకుంది. నేను అరుస్తాననుకుంది కాబోలు, ముందే ఏడవడం మొదలెట్టింది. సంబంధం దానంతటదే వచ్చిందనీ, మావయ్య మాటిచ్చేశాకే తనకి చెప్పాడనీ, పెళ్ళయ్యాక మెల్లిగా నాకు నచ్చజెబుదామనుకుందనీ చెప్పింది. నేను వస్తున్నానని కబురందాక, పాలేరుని ఎదురు పంపి నన్ను వెనక్కి పంపెయ్యమన్నది కూడా తనేనని చెప్పింది. ఆ ఒక్కటీ నేను అడగలేదు, తనే చెప్పేసింది.

"నువ్వొద్దంటే మావయ్య ఆగేవాడు కాదా?" అన్నాను.

"కాదంటే నాకు పుట్టిల్లుంటుందిరా? నీకు పెళ్ళాం ఎక్కడైనా దొరుకుతుంది. నాకు అన్నయ్య ఎక్కణ్ణించొస్తాడు?"

"మరి కోరుకొండ?"

"పెళ్ళి హడావుడి తగ్గాక వెళదామనుకున్నాను" అంది కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు భోంచేసి వెళ్ళు. బూరెలు నీకిష్టం కదా."

ఇంటి దీపమని ముద్దెట్టుకుంటే మీసాలు కాల్చిందన్న సామెతని నేను తాలూకా ఆఫీసులో ఎన్నోసార్లు ఎవరెవరి మీదో వాడాను. మా అమ్మ మీద వాడాల్సొస్తుందని అనుకోలేదు. భోంచెయ్యలేదు. గట్టు మీదే నడిచి మలుపుకి చేరాను. ఈసారి కలుపు ఆడవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయి ఉన్నారు, అదొక్కటే నా అదృష్టం. వెనకాల మేళం మోగుతోంది. మోగినప్పుడల్లా ఆ గుర్రం ఆడుతోందని నాకు తెలుసు.

ఆ పిల్ల సంగతేమిటని అడుగుతారు. నాకు తెలియదు. ఆమెని అడిగారో, చెప్పారో, ఆమె ఏమందో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తర్వాత పెళ్ళిళ్ళలో కనిపిస్తే, "బావున్నావా బావా?" అంటుంది. గుర్రం కథ మొదలవగానే మాత్రం లేచి, పిల్లలకి నీళ్ళు కావాలంటూ లోపలికి వెళుతుంది. నాకోసం వెళుతోందో, నిజంగా నీళ్ళకే వెళుతోందో తెలియదు.

మావయ్య మీద కోపం కొన్నాళ్ళకి పోయింది. ఆయన స్వభావం అంతే, ఆయన నన్నెప్పుడూ కొడుకన్లేదు. నాన్నతో ఆ పేపరు గురించి ఎప్పుడూ మాట్లాడలేదు. నాకు వేరే సంబంధం చూశారు, పెళ్ళి చేసుకున్నాను. నా పెళ్ళిలో గుర్రం వద్దని నేనంటే, ఆ వద్దన్నదానికి కూడా నవ్వుకున్నారు.

అమ్మ చివరి రోజులు నా దగ్గరే గడిచాయి. అప్పటికి ఆవిడే ఆ కథని అందరికంటే బాగా చెప్పేది. గంటల చప్పుడు, ట్రాక్టరు, ఊక అంటుకున్న కోటు, అన్నీ ఆవిడ నోట బాగుండేవి. ఎప్పుడు చెప్పినా ఒక మాట కలిపేది, "ఆ మసకలో నేను వీణ్ణి పోల్చుకోలేదమ్మా" అని. నేను పెట్రోమాక్సు లైట్ల సంగతి ఎత్తేవాణ్ణి కాదు. ఒక మధ్యాహ్నం మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగింది.

"పోల్చుకున్నాక ఏం చేశారత్తయ్యా? మీరూ నవ్వారా?"

అమ్మ నా వైపు చూసింది. నేను కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాను, నా చేతిలో పేపరుంది.

"నవ్వానే" అంది అమ్మ. "నవ్వకేం?"

నేను పేపరు కాస్త పైకెత్తుకున్నాను. ఆవిడ నవ్విన మాట నిజమే. నన్ను పోల్చుకునేదాకా నవ్వింది.